బదులు డ్యూటీ

హూటర్ మొదలవగానే రైల్వే కాలనీలో చేతులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

ఒక పొడుగు కూత. పొయ్యి మీద బెల్లం పాకం తిప్పుతున్న కనకం గరిటె అలాగే పట్టుకుని నిలబడింది. రెండో పొడుగు కూత. రెండుతో ఆగితే యార్డులోనే ఏదో వ్యాగన్ పట్టాలు దిగినట్టు. మనుషులకి భయం లేదు. కానీ ఆగలేదు. మూడోది మోగింది. అంటే ప్రమాదం ఊరి బయట, లైన్ మీద. ఇక చాలు స్వామీ అనుకునేలోపు చివర పొట్టి కూత ఒకటి వచ్చి, ఎవరో గొంతు నొక్కినట్టు తెగిపోయింది.

మూడు పొడుగు, ఒక పొట్టి. రిలీఫ్ రైలుతో పాటు డాక్టర్ల బోగీ కూడా బయల్దేరాలి.

"ఎన్ని కూసిందే?" స్నానాల గదిలోంచి అత్తగారు అప్పయమ్మ అరిచింది.

"మూడు, అత్తా. ఒక పొట్టి."

"ఓలమ్మా! ఏ తల్లి కడుపో ఏటో."

కనకం పొయ్యి కట్టేసింది. గుండె దడదడలాడింది గానీ అది అలవాటు దడ. పదకొండేళ్ళుగా గూడ్సు గార్డు పెళ్ళానికి హూటర్ మోగినప్పుడల్లా వచ్చేదే. ఇవాళ నిజంగా భయపడాల్సిన పని లేదు. భర్త త్రినాథరావు డ్యూటీలో లేడు. సాయంత్రం మేళాకి తమలపాకులూ అరటిపళ్ళూ తేవడానికి సైకిలేసుకుని బుధవారీ బజారుకి వెళ్ళాడు.

మేళా అంటే త్రినాథస్వామి మేళా. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ హిందీ ఊళ్ళో రైల్వేలో పాతుకుపోయిన కుటుంబాల్లో ఏ ఆపద గట్టెక్కినా ముందు గుర్తొచ్చేది అదే. బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులు ముగ్గురినీ ఒక్క పీట మీద కూర్చోబెట్టి, ఆదివారం సాయంత్రం మూడు దీపాలు పెట్టి కథ చెప్పుకుంటారు. మూడు తమలపాకులు, మూడు వక్కలు, మూడు చిటికెల గంజాయి. ఆ చివరిదాని బదులు అప్పయమ్మ ఎప్పుడో కాలనీలో వాము ప్రవేశపెట్టింది. "గంజాయి ఎడితే స్వామి కంటే ముందు పోలీసోడొస్తాడు," అనేది.

ఏడు నెలల కిందట కూతురు ప్రణీత మెదడువాపు జ్వరంతో ఆస్పత్రిలో పన్నెండు రోజులు కళ్ళు తెరవలేదు. అప్పుడు మొక్కింది కనకం. పిల్ల లేస్తే మేళా చేస్తాను, తండ్రే కూర్చుని కథ చెప్తాడు అని. పిల్ల లేచింది. మేళా మాత్రం లేవలేదు. మూడు ఆదివారాలు పెట్టుకుంటే మూడుసార్లూ త్రినాథరావుకి గూడ్సు బండి డ్యూటీ పడింది. నిన్న సాయంత్రం నాలుగోసారి, డ్యూటీ కబురు తెచ్చే కాల్‌మ్యాన్ జగన్నాథం గుమ్మంలోకి వచ్చి కాల్ బుక్ చాపాడు. అందులో సంతకం పెట్టినవాడు తెల్లారి ప్యాసింజరులో ఘాట్ కొండ పైకి వెళ్ళి, అక్కడి గూడ్సుని ఇటుమీదుగా రాయ్‌పూర్ దాకా తీసుకుపోవాల్సిందే. త్రినాథరావు తలవంచుకుని సంతకం పెట్టాడు.

జగన్నాథం వెళ్ళిపోయాక కనకం చెప్పులేసుకుని పక్క క్వార్టర్‌కి వెళ్ళింది. సూర్యం పంపు దగ్గర బనీన్లు ఉతుక్కుంటున్నాడు. అతనూ గూడ్సు గార్డే. మర్నాడు అతనికి రెస్టు.

"తమ్ముడూ, రేపు మీ బావ బదులు నువ్వెళ్ళాల."

"ఝాన్సీ నన్ను చంపేస్తాదప్పా," అన్నాడు సూర్యం, లోపలున్న పెళ్ళానికి వినపడకుండా గొంతు తగ్గించి. "ఊళ్ళో అందరి డ్యూటీలూ నెత్తినెట్టుకుంటావని ఇప్పటికే రోజూ క్లాసు. ఇంకొక్కసారి ఎవరి బదులైనా వెళ్తే పుట్టింటికి పలాస బండెక్కేస్తానంది."

"మొక్కురా. పిల్ల మొక్కు."

సూర్యం బనీను పిండి తాడు మీద వేశాడు. "సర్లే. దానికి మాత్రం సెప్పకు. మస్తూరీలో దోస్తుగాడి ఇంట్లో గృహప్రవేశం అని సెప్పి జారుకుంటాను. డ్యూటీ లాబీలో గుమాస్తా మనోడే, పొద్దున్న నోటిమాటతో పేరు మార్పిస్తాను."

అలా వెళ్ళాడు. కాల్ బుక్‌లో మాత్రం త్రినాథరావు సంతకమే ఉండిపోయింది.

హూటర్ మోగిన పావుగంటకి జగన్నాథం వచ్చాడు. ఈసారి చేతిలో కాల్ బుక్ లేదు. టోపీ ఉంది. అతని వెనక అప్పటికే నలుగురు ఆడవాళ్ళు కొంగులు నెత్తిన కప్పుకుని వానలో నడిచి వస్తున్నారు.

"అమ్మా, కోటా స్టేషన్ అవతల ఘాట్‌లో," అన్నాడు జగన్నాథం, ఆమె మొహం వైపు చూడకుండా. "సెమర్‌ఘాట్ దగ్గర. రాత్రంతా వాన కదా, కొండ జారి ఇంజను మీద పడింది. డ్రైవర్ రాంప్రసాద్ అక్కడికక్కడే పోయాడు. అసిస్టెంట్‌కి కాలు విరిగింది. వెనక చివర బ్రేక్ వ్యాన్... గార్డు పెట్టె... దాని మీద కూడా కొండ పడిందమ్మా. మట్టి కింద ఉంది. తవ్వుతున్నారంట. కాల్ బుక్ చూశాను. అది మన త్రినాథరావు బాబు బండి."

కనకం మనసులో మొదట లేచిన మాట: ఆయన అందులో లేడు.

రెండోది వెంటనే వచ్చింది. స్వామీ, నువ్వెంత మంచివాడివి! నా మొక్కు కోసం కాదు, నా మనిషి కోసం ఈ మేళా పెట్టించావు. ఆ మాట పెదవుల దాకా వచ్చింది కూడా. పెదవులు కదిలాయి.

అప్పుడు గుర్తొచ్చాడు సూర్యం.

గోడ పట్టుకుంది. అదే క్షణంలో పక్క క్వార్టర్ నుంచి ఝాన్సీ పరిగెత్తుకొచ్చి ఆమెని రెండు చేతులతో వాటేసుకుంది. రైల్వే స్కూల్లో టీచరు ఝాన్సీ. నలుగురిలో గొంతు పెంచని మనిషి. ఇప్పుడు ఏడుస్తోంది. "వదినా, వదినా, కూర్చో. ఏయ్, ఎవరైనా మంచినీళ్ళు పట్టుకురండి! కుఛ్ నహీ హోగా వదినా, ఏం కాదు. మట్టి కిందే కదా, తీసేస్తారు. మా ఆయన మస్తూరీలో ఉన్నాడు, ఎవరి చేతైనా కబురు పెడతాను. ఆయనొస్తే లాబీకి వెళ్ళి అన్నీ కనుక్కుంటాడు."

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. కనకం నోరు తెరిచింది. ఝాన్సీ ఆ నోటికి గ్లాసు అందించింది. కనకం తాగింది. ఒక గుక్క, ఇంకో గుక్క. గ్లాసు అయిపోతే చెప్పాల్సి వస్తుందని నెమ్మదిగా తాగింది. ప్రణీతని ఎవరో లోపలికి తీసుకుపోయారు. ఎవరో కనకం వీపు రుద్దుతున్నారు. ఎవరో అప్పుడే ముక్కు చీదుతూ "ఎంత మంచోడమ్మా, తలెత్తి మాట్లాడేవాడు కాదు," అంటున్నారు.

స్నానాల గది తలుపు తెరుచుకుంది. అప్పయమ్మ తడిజుట్టుతో బయటికొచ్చి గుంపుని చూసింది.

"ఏటి, ఏటైంది? ఎవుడు పోనాడు?"

జగన్నాథమే గొణిగాడు. విని అప్పయమ్మ నడుం మీద చేయి వేసుకుంది.

"నీ నోట్లో బూడిదెయ్య! మావోడు సైకిలేసుకుని అరటిపళ్ళకెల్తేను, నువ్వు సంపేసి కూకున్నావా? డ్యూటీకి ఎల్లనేదు వోడు! ఎవుడో బదులెల్లాడు!"

ఒక్క నిమిషం ఇల్లు ఇల్లంతా గోలయిపోయింది. ఏడుస్తున్నవాళ్ళు నవ్వారు, నవ్వుతూ ఏడ్చారు. "స్వామి మహిమ! పీట మీద కూర్చోకముందే కాపాడాడు!" ఝాన్సీ కళ్ళు తుడుచుకుని కనకం బుగ్గలు రెండూ పట్టుకుంది. "చూశావా వదినా! నేనే అనేదాన్ని, దేవుడూ లేడు గీవుడూ లేడని. నీ స్వామి మంచివాడే!"

ఆ తరవాత, నవ్వు ఇంకా మొహం మీదే ఉండగా, అడిగింది: "మరి బదులు ఎవరెళ్ళారు?"

కనకానికి దాటవేయడానికి ఇక గ్లాసు కూడా లేదు.

"సూర్యం."

"ఏ సూర్యం?"

కనకం చూపు పక్క క్వార్టర్ వైపు వెళ్ళింది.

"ఆయన మస్తూరీ వెళ్ళాడు," అంది ఝాన్సీ, పాఠం చెప్తున్నట్టు. "గృహప్రవేశానికి."

"లేదు ఝాన్సీ. నేనే పంపాను. మేళా కోసం. నీకు సెప్పొద్దన్నాడు."

ఝాన్సీ చేతులు ఆమె బుగ్గల మీంచి జారాయి. అరవలేదు. కింద ఖాళీ గ్లాసు వైపు చూసింది. "ఇందాకటి నుంచి నేను నీకు నీళ్ళు తాగిస్తున్నాను వదినా," అంది. "నువ్వు తాగావు."

చెప్పులు కూడా వేసుకోకుండా వానలోకి దిగి స్టేషన్ దారి పట్టింది. మలుపులో త్రినాథరావు సైకిల్ ఎదురయింది. రెండు మాటలు ఏవో జరిగాయి. అరటిగెల రోడ్డు మీద పడింది. సైకిల్ వెనక్కి తిరిగి ఆమె వెంట వెళ్ళింది.

గుంపు కరిగిపోయింది. స్వామి మహిమ గురించి మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు.

కనకం గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచింది. పసుపు రాసిన పీట గోడకి ఆనించి ఉంది. దాన్ని చూస్తే ఒళ్ళు మండింది. పిల్ల బతికితే నీ దయ అన్నాను. మొగుడు బజారుకెళ్తే నీ దయ అన్నాను. మరి ఇది ఎవరి దయ? నా ఇంట్లో తీసిన ముల్లు పక్కింట్లో గుచ్చడానికేనా ఆ పన్నెండు రోజులూ నేను నీ కాళ్ళు పట్టుకున్నది?

"అత్తా, మేళా లేదు," అంది గట్టిగా. "పిలిచినవాళ్ళకి సెప్పేయ్. పీట ఎత్తేస్తాను."

అప్పయమ్మ జుట్టు ముడేసుకుంటూ ఆమెని పైనుంచి కిందకి చూసింది. "ఎత్తేసి?"

"ఎత్తేసి ఏటి? దేనికి దండం ఎట్టాల? ఆయన మంచోడని ఏ మొహం ఎట్టుకుని కథ సెప్పాల? ఝాన్సీ వినదా గోడ అవతలి నుంచి?"

"కూకో."

"కూర్చోలేను."

"అయితే నిలబడే ఇను. మీ మావ పట్టాలు సవరించే గ్యాంగులో పన్జేసేవోడు. పట్టాల మీదే పోనాడు. అప్పుడు త్రినాథుకి మూడేళ్ళు. పదకొండో రోజున నేను మేళా ఎట్టినాను. అందరూ పిచ్చిదానివే అన్నారు. మా అమ్మయితే సెంప మీద కొట్టింది. స్వామి మంచోడని తెలిసి ఎట్టినాననుకున్నావేటి? తెల్లేదు. ఇప్పటికీ సగం తెల్దు. తెలక ఎట్టినాను. తెలిస్తే ఇంక దీపం దేనికే, లైటేసుకోవచ్చు కదా?"

కనకం ఆగిపోయింది. ఈ కథ ఇరవైసార్లు విన్నది. చెంపదెబ్బ మాట మాత్రం ఇదే మొదటిసారి.

"నువ్వు ఇక్కడ గోడలు కొలుత్తూ స్వామితో తగువులాడకు," అంది అప్పయమ్మ. "ఎల్లి ఆ పిల్ల కాడ నిలబడు. తిడితే తిట్టించుకో. తంతే తన్నించుకో. పిల్లని నేను సూసుకుంటాను."

లాబీ అంటే డ్యూటీ ఎక్కే గార్డులూ డ్రైవర్లూ సంతకాలు పెట్టే పొడుగాటి హాలు. కనకం వెళ్ళేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. హాలు నిండా తడిసిన గొడుగులు, బీడీల వాసన. ఒక బెంచీ మీద ఝాన్సీ. పక్కన నేల మీద గోడకి జారగిలబడి త్రినాథరావు. "ఆ పెట్టెలో నేనుండాల. నేనుండాల," అని అదే మాట అంటున్నాడు. ఎదుటి బెంచీ మీద ఇరవై రెండేళ్ళ పిల్ల ఒక్కతే కూర్చుని ఉంది. రాంప్రసాద్ భార్య జ్యోతిర్మయి. పెళ్ళయి ఏడాది. ఆమె తల్లిదండ్రులు రాయ్‌పూర్ నుంచి సాయంత్రం బండికి వస్తారట. అందరూ ఆమెకి కాస్త దూరంగా నిలబడ్డారు. ఖాయమైపోయిన దుఃఖం దగ్గరికి పోవడం ఎవరికీ చేతకాదు.

ఝాన్సీ కనకాన్ని చూసి మొహం తిప్పుకుంది. కనకం బెంచీ చివర నిలబడింది. కూర్చోలేదు.

గుమాస్తా ఫోను పట్టుకుని ఘాట్ నుంచి వచ్చే కబురు హిందీలో గట్టిగా తిరిగి చెప్తున్నాడు. కాలు విరిగిన అసిస్టెంట్ డ్రైవర్ ఇచ్చిన వాంగ్మూలం అది. "హా, హా... పదీ ఇరవైకి ఇంజను ముందు కొండ జారింది... బండి ఆగింది... అచ్ఛా. పదీ యాభైకి తోక వైపు రెండో కొండ జారింది... బ్రేక్ వ్యాన్ మీద పది అడుగుల మట్టి. హా, అక్కడే తవ్వుతున్నారు. ఇంకా ఏం కనపడలేదు."

ఇద్దరు ముగ్గురు నాలుక చప్పరించారు. ఝాన్సీ కళ్ళు మూసుకుంది.

కనకం మాత్రం వేళ్ళు మడిచింది. పదీ ఇరవై. పదీ యాభై. మధ్యలో అరగంట.

బండి ఆగిపోయి, అరగంట పాటు గార్డు పెట్టెలో కూర్చుని ఏం చేస్తాడు?

త్రినాథరావు గార్డు పరీక్షకి చదివిన చలికాలమంతా ఆమె హిందీ రూల్స్ పుస్తకం పట్టుకుని కూర్చుంటే అతను కళ్ళు మూసుకుని అప్పజెప్పేవాడు. తప్పితే ఆమె మొట్టికాయ వేసేది. బండి దారిలో చిక్కుకుంటే గార్డు ఏం చేయాలి? వెనక నుంచి ఇంకో బండి వచ్చి గుద్దకుండా వెనక్కి నడవాలి. ఆరు వందల మీటర్ల దగ్గర పట్టా మీద ఒక పటాకా పెట్టాలి. పన్నెండు వందల మీటర్ల దగ్గర మూడు. చక్రం ఎక్కితే అవి పేలి, వచ్చే డ్రైవర్ బండి ఆపుతాడు. పెట్టాక? ఎర్రజెండా పట్టుకుని అక్కడే నిలబడాలి. ఎంతసేపు? తన ఇంజను కూత వేసి వెనక్కి పిలిచేదాకా.

ఇంజను ఇవాళ ఎలా కూస్తుంది? అది మట్టిలో ఉంది. కూత మీట మీద ఉండాల్సిన చేయి చల్లబడిపోయింది.

సూర్యం బతికి ఉంటే బ్రేక్ వ్యాన్‌లో ఉండడు. మట్టికి అవతల, కొండ పైవైపు, ముప్పావు మైలు దూరంలో ఉంటాడు. బండి కొండ దిగి ఇటే వస్తోంది కాబట్టి, రిలీఫ్ రైలు ఇటు నుంచి, ఇంజను వైపు నుంచి వెళ్ళింది. అటు మనిషన్నవాడు ఇంకా పోలేదు.

ఆ ఆలోచన రాగానే సంతోషం కాదు, చెమట పట్టింది. ఎందుకంటే ఇది ఝాన్సీకి చెప్పాలి. రాత్రంతా డ్యూటీల మీద తిరిగే మనిషి, ఆ అరగంటా పెట్టెలో కునుకు తీసి ఉండొచ్చు. మొదటి కుదుపుకే తల పగిలి పడి ఉండొచ్చు. రెండో కొండ పన్నెండు వందల మీటర్ల దాకా జారి ఉండొచ్చు. ఒకసారి మొగుణ్ణి తీసుకున్నాను, ఇప్పుడు ఆశ పెట్టి రెండోసారి తీసుకోనా? నోరు మూసుకుంటే కనీసం రెండో పాపం ఉండదు. అత్తకేం, తెలక దీపం పెట్టింది. ఆ దీపం ఆరిపోతే కాలేది ఆవిడ చెయ్యే. ఇక్కడ కాలేది ఝాన్సీ.

అటు నడిచింది. ఇటు నడిచింది. కిటికీ దాకా వెళ్ళి వచ్చింది. పొద్దున్న గ్లాసుడు నీళ్ళ వెనక దాక్కున్నాను. ఇప్పుడు దేని వెనక?

స్వామీ, నువ్వు మంచివాడివో కాదో తేల్చుకునే టైము లేదు. మంచివాడివనే అనుకుని మాట్లాడేస్తాను. కాకపోతే ఆ తరవాత నీ సంగతి చూస్తాను.

"ఝాన్సీ," అంది. "సూర్యం ఆ పెట్టెలో లేడు."

హాలు మొత్తం తిరిగి చూసింది. కనకం గబగబా చెప్పేసింది. అరగంట, పటాకాలు, కూత వేయని ఇంజను.

ఝాన్సీ లేచి నిలబడింది. మొహం పాలిపోయింది. "పొద్దున్న ఆయన్ని పంపావు. ఇప్పుడు నాకు ఆశ పంపుతున్నావా? అబద్ధమైతే?"

"అబద్ధమైతే నువ్వేం చేసినా పడతాను."

"నేనేం చేస్తాను వదినా? అప్పుడు నా దగ్గర చెయ్యడానికి ఏం మిగుల్తుంది?"

గుమాస్తా నవ్వబోయి ఆపుకున్నాడు. "అమ్మా, మాకు రూల్స్ నేర్పుతున్నారా? అక్కడ ఆఫీసర్లున్నారు."

"ఆఫీసర్లు ఇటువైపు ఉన్నారు బాబూ. అటువైపు ఎవరున్నారు?"

నేల మీద త్రినాథరావు గొణుగుడు ఆగింది. తలెత్తి పెళ్ళాం వైపు ఒక్క క్షణం చూశాడు. ఆ చలికాలపు మొట్టికాయ తగిలినట్టు లేచాడు. "కౌంటర్ తలుపు తియ్యి," అన్నాడు. గుమాస్తా తీయకముందే పైనుంచి దూకి ఫోను లాక్కున్నాడు. "కంట్రోల్? గార్డు త్రినాథరావు మాట్లాడుతున్నాను. హా, ఆ త్రినాథరావునే, బతికే ఉన్నాను, తరవాత తిట్టుకోండి. కొండ పైన భాలూఖోల్ స్టేషన్ నుంచి గ్యాంగుని పట్టాల మీద కిందికి నడిపించండి. ఇప్పుడే. అవును, చెట్లు పడ్డాయని తెలుసు. చెట్లెక్కి దాటమనండి!"

తరవాత రెండు గంటల యాభై నిమిషాలు.

ఆ రెండు గంటల యాభై నిమిషాల్లో కనకం హాలు ఆ చివర నుంచి ఈ చివరకి ఎన్నిసార్లు నడిచిందో లెక్క లేదు. ఫోను పదకొండుసార్లు మోగింది. పదకొండుసార్లూ ఇంకేదో బండి గురించి. ఒకసారి ఘాట్ నుంచి కబురొచ్చింది. మట్టిలో గార్డు టార్చిలైటు దొరికింది. ఝాన్సీ వంగిపోయి మోకాళ్ళలో తల పెట్టుకుంది. కనకం ఆమె పక్కన కూర్చోబోయింది. "ముట్టుకోకు," అంది ఝాన్సీ. కనకం మళ్ళీ నడిచింది.

నాలుగున్నరకి ఫోను మోగింది. త్రినాథరావు ఎత్తాడు. విన్నాడు. "మళ్ళీ చెప్పు," అన్నాడు. మళ్ళీ విన్నాడు. తరవాత రిసీవర్ పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు.

"ఉన్నాడు."

పన్నెండు వందల మీటర్ల దగ్గర, పట్టాల మధ్య, జెండా కర్ర చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడట. మొదటి కుదుపుకి భుజం ఎముక విరిగింది. ఎడమ చెయ్యి వేలాడుతోంది. ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది. గ్యాంగువాళ్ళు వెళ్ళి పదమంటే కదలడట. "నన్ను రిలీవ్ చేసే కాగితమేదీ?" అంటాడట. ఆఖరికి వాళ్ళ మేస్త్రీ సిగరెట్ పెట్టె చింపి దాని మీద రాసి సంతకం పెట్టి ఇస్తే అప్పుడు కూలబడ్డాడట.

ఝాన్సీ నోటి నుంచి నవ్వులాంటిది, ఏడుపులాంటిది ఒకటి వచ్చింది. "ఈయన బతికి రానీ, నేనే చంపుతాను," అంది. కనకం దగ్గరికి వచ్చి భుజం మీద పిడికిలితో గట్టిగా కొట్టింది. ఇంకోసారి కొట్టింది. మూడోసారి పిడికిలి విప్పి ఆ భుజాన్నే పట్టుకుంది. "క్షమించలేదు," అంది చెవిలో. "ఇంకా లేదు."

"వద్దులే," అంది కనకం. "తొందరేం లేదు."

హాలంతా ఒక్కసారిగా మాటలు. "స్వామి మహిమ అంటే ఇది! రెండు ఇళ్ళనీ నిలబెట్టాడు!" ఎవరో టీలు తెప్పించారు. త్రినాథరావుని ఎవరో ఎత్తి తిప్పుతున్నారు. ఝాన్సీ ఆస్పత్రికి పరిగెత్తింది. అక్కడికి తెచ్చేసరికి ఏడవుతుందని ఎంతమంది చెప్పినా వినలేదు. అప్పయమ్మ పంపిన కబురు పట్టుకుని పక్క వరసలో ఉండే అచ్చియమ్మ గొడుగేసుకుని వచ్చింది. "కనకం, మీ అత్త రమ్మంటాంది. జనం వచ్చేసినారు. పీట ఏసేసింది. మీ ఆయన్ని తీసుకుని పద. ఇప్పుడు సెయ్యకపోతే ఇంకెప్పుడు సేస్తావు మేళా?"

కనకం తల ఊపింది. వెళ్ళాలి. కాళ్ళు ఇప్పుడు తేలిగ్గా ఉన్నాయి. మొక్కు తీర్చుకోవాలి. భర్త కథ చెప్తాడు, మూడు దీపాలు వెలుగుతాయి, ఎవరూ గోడ అవతలి నుంచి శపించరు. గుమ్మం దాకా నడిచింది.

"ఆంటీ."

వెనక్కి తిరిగింది. జ్యోతిర్మయి అదే బెంచీ మీద, అదే చోట. ఎవరో పెట్టిన టీ ఆమె పక్కన తొరక కట్టింది.

"ఆంటీ, మీకు రూల్స్ అన్నీ తెలుసు కదా," అంది ఆ పిల్ల హిందీ యాసలో. "డ్రైవర్‌కి ఏం రూల్ లేదా? బండి ఆగాక డ్రైవర్ ఎక్కడికైనా వెళ్ళాలని... అలా ఏదైనా?"

కనకం ఆమె కళ్ళలోకి చూసింది. పిచ్చి కాదు. ఎగతాళి కాదు. నిజంగానే అడుగుతోంది. ఇందాక ఈ హాల్లో ఒకళ్ళ మొగుణ్ణి మాటలతో మట్టిలోంచి తీసిన మనిషి ఆ పిల్లకి కనపడుతోంది.

ఉంది రూలు. బండి ఆగాక డ్రైవర్ చేయాల్సినవి కూడా పుస్తకంలో ఉన్నాయి. అవన్నీ బతికి ఉన్న డ్రైవర్‌కి.

"లేదమ్మా," అంది కనకం.

జ్యోతిర్మయి తల ఊపింది, అది తనకి ముందే తెలుసన్నట్టు. "మా వాళ్ళు ఆరింటికి వస్తారు," అంది. "ఆయన్ని రిలీఫ్ బండిలోనే తెస్తారట. వీళ్ళు వచ్చేలోపు ఆ బండి వచ్చేస్తే... నేను చూడాలా ఆంటీ? ఒక్కదాన్నే వెళ్ళి చూడాలా?"

గుమ్మంలో అచ్చియమ్మ గొడుగు తెరిచి నిలబడింది. "రావేటే? దీపాల వేళవుతాంది."

"మీరు మొదలెట్టండి," అంది కనకం. "ఆయన్ని తీసుకుపో. కథ ఆయన చెప్పాలని మొక్కాను. నేను వినాలని మొక్కలేదు."

"ఓలమ్మా, మొక్కుకున్న మనిషి లేకండా మేళా ఏటే?"

"అత్తకి సెప్పు. ఆవిడకి తెలుస్తాది."

అచ్చియమ్మ ఏదో గొణుక్కుంటూ వెళ్ళింది. కనకం వచ్చి బెంచీ మీద కూర్చుంది. పొద్దుటి నుంచి కూర్చోవడం అదే మొదటిసారి. కూర్చున్నా కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి. ఈ పిల్లకి ఏం చెప్పాలి? స్వామి మంచివాడని చెప్పాలా? సూర్యం విషయంలో మంచివాడు, మీ ఆయన విషయంలో పరాకులో ఉన్నాడనా? అప్పయమ్మ అయితే ఏదో ఒకటి అనేది. నువ్వు మంచివాడివని ఈ పిల్లకి నేను చెప్పలేను స్వామీ, అనుకుంది కనకం. నువ్వే చెప్పుకో. నీ తరఫున అబద్ధం ఆడను. నిన్ను వదిలేసీ పోను.

జ్యోతిర్మయి జుట్టు తడిసి మెడకి అంటుకుని ఉంది. కనకం కొంగు తీసి తుడిచింది. పిల్ల వద్దనలేదు. కాసేపటికి ఆమె తల కనకం భుజం మీదికి, ఝాన్సీ పిడికిలి తగిలిన చోటికే వాలింది. నొప్పిగా ఉంది. కనకం కదల్లేదు.

ఆరు కావడానికి పది నిమిషాలుండగా గుమాస్తా తల బయటికి పెట్టాడు. గొంతు తగ్గించి చెప్పాడు. రిలీఫ్ బండి ఔటర్ సిగ్నల్ దాటింది. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదికి తీసుకుంటున్నారు. రాయ్‌పూర్ బండి నలభై నిమిషాలు లేటు.

జ్యోతిర్మయి కనకం మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"ఒక్కదానివి కాదు," అంది కనకం లేస్తూ. "పద. ముందు నేను చూస్తాను. నేను రమ్మన్నాకే నువ్వు చూద్దువుగాని."

ఇద్దరూ ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళారు. వాన తగ్గలేదు. దూరంగా ఇంజను దీపం కనపడింది.